కైఫీయతుల సంపాదకుడు కర్నల్ మెకంజీ: వంశచరిత్రలకు ఆకరమైన జీవితం

ఆంధ్రదేశ చరిత్ర రచనకు ఉపకరించే ఆకరాలలో శాసనాల తరువాత చెప్పదగినవి కైఫీయతులు. రాజవంశాల చరిత్రకు శాసనాలు ఎంతగా తోడ్పడుతున్నాయో, గ్రామాలలో తరతరాలుగా స్థిరపడిన కరణాలు, రెడ్లు, అగ్రహారీకులు, పాళెగాండ్రు, జమీందార్ల కుటుంబ చరిత్రలకు కైఫీయతులు అంతగా తోడ్పడుతున్నాయి. ఈ అపూర్వ వాఙ్మయాన్ని సమకూర్చినవాడు కర్నల్ కాలిన్ మెకంజీ. ఇతని పేరు తెలుగునాట చరిత్ర పరిశోధకులందరికీ సుపరిచితమే. అయితే ఏ గ్రామానికి కైఫీయతు ఉన్నది, ఏ గ్రామానికి లేదు, ఉన్న కైఫీయతులో ఏ కుటుంబం పేరు చేరింది, ఏ కుటుంబం పేరు చేరలేదు అనే ప్రశ్నలకు సమాధానం ఆ కైఫీయతులలో కంటె ఇతని జీవితక్రమంలోనే ఎక్కువగా లభిస్తుంది. తమ ప్రాంతపు కుటుంబాల పూర్వచరిత్రను వెలికితీయదలచిన ఓరుగల్లు, మానుకోట, మరిపెడ ప్రాంతాల పరిశోధకులకు ఈ జీవితం తెలియడం మరింత అవసరం. కారణం తరువాత విశదమవుతుంది.

జననం - తొలి వ్యాసంగం

మెకంజీ 1754లో స్కాట్లండు దేశానికి వాయవ్యంగా ఉన్న లూయిస్ ద్వీపంలోని స్టోర్నవే పట్టణంలో జన్మించాడు. యౌవనంలో అక్కడి సుంకపు శాఖలో ఉద్యోగం చేశాడు. గణితశాస్త్రం పట్ల ఇతనికి సహజమైన అభిరుచి ఉండేది. ఆ అభిరుచియే ఇతనిని నేపియర్ ప్రభువంశానికి చేరువ చేసింది. లాగరిథములను కనుగొన్న జాన్ నేపియర్ ఆ వంశపు పూర్వపురుషుడు. ఫ్రాన్సిస్ నేపియర్ ప్రభువు తమ పూర్వపురుషుని జీవితచరిత్రను రచించదలచి, ప్రాచీన హిందువులకు గణితంలో ఉన్న పరిజ్ఞానాన్ని గూర్చి సమాచారం సేకరించే పనికి మెకంజీ సహాయం తీసుకున్నాడు. భారతదేశ చరిత్రాన్వేషణకు జీవితాన్ని అంకితం చేసిన ఈ పురుషుని తొలి వ్యాసంగం ఒక కుటుంబ చరిత్రకు సామగ్రిని సమకూర్చడమే అన్నది గమనార్హం.

1783లో మెకంజీ ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి చెన్నపట్టణంలో దిగాడు. నేపియర్ ప్రభువు కుమార్తె హెస్టర్ అప్పటికే శామ్యూల్ జాన్‌స్టన్‌ను వివాహమాడి మధురలో నివసిస్తున్నది. ఆమె తన తండ్రి తలపెట్టిన కార్యాన్ని కొనసాగించే ఉద్దేశంతో మెకంజీని మధురకు ఆహ్వానించి, అక్కడి పండితులతో పరిచయం చేయించింది. ఆ పండితగోష్ఠులలోనే దక్షిణదేశ చరిత్రకు కావలసిన సామగ్రి పుష్కలంగా ఉన్నదనీ, దానిని క్రమపద్ధతిలో సేకరించవచ్చుననీ ఇతనికి స్ఫురించింది. ఈ వృత్తాంతాన్ని హెస్టర్ కుమారుడైన సర్ అలెగ్జాండర్ జాన్‌స్టన్ తరువాతి కాలంలో వివరించాడు. ఒక్క వంశపు కథను వెదకుతూ వచ్చినవాడు ఒక దేశపు వంశాల కథలన్నింటికీ ఆకరాన్ని నిర్మించే సంకల్పానికి ఈ విధంగా చేరుకున్నాడు.

ఆంధ్రదేశంలో ఉద్యోగ జీవితం

సంకల్పం కలిగినా దానిని నెరవేర్చే అవకాశం మెకంజీకి వెంటనే లభించలేదు. 1786లో ఇంజనీర్ల దళానికి మారిన తరువాత నెల్లూరు, గుంటూరు ప్రాంతాలలో సర్వే పనులు నిర్వహించాడు. మూడవ మైసూరు యుద్ధంలో పాల్గొన్నాడు. 1792లో ఆ యుద్ధం ముగియగానే కారన్‌వాలిస్ ఇతనిని నిజాం రాజ్యంలోని కంపెనీ సైన్యానికి ఇంజనీరుగా పంపాడు. నిజాం రాజ్యపు దేశపటాన్ని తయారుచేసే పని ఇతనికి అప్పగింపబడింది. 1794లో శ్రీశైల క్షేత్రాన్ని దర్శించి రాసిన వివరణ ఏషియాటిక్ రీసర్చెస్ ఐదవ సంపుటంలో ప్రకటితమైంది. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు అమరావతి పట్టణాన్ని నిర్మిస్తున్న కాలంలో బయల్పడిన బౌద్ధస్తూపపు శిల్పాలను తొలుత గుర్తించినవాడు కూడ ఇతడే. 1816లో అక్కడికి తిరిగివచ్చి ఆ శిల్పాలకు చిత్రాలు గీయించాడు.

1799లో శ్రీరంగపట్టణం పతనమైన తరువాత మైసూరు సర్వే బాధ్యత మెకంజీకి లభించింది. అప్పటినుండి సుమారు పది సంవత్సరాలు భూమిని కొలిచే పనితో పాటు భూమిని అనుభవించేవారి చరిత్రను సేకరించే పని కూడ సాగింది. 1810లో చెన్నపట్టణ రాజధానికి సర్వేయర్ జనరలుగా నియమితుడైనాడు. 1811 నుండి కొంతకాలం జావాలో ఉన్నాడు. అక్కడనే 1812లో పెట్రోనెల్లా బార్టెల్స్ అనే డచ్చి వనితను వివాహమాడాడు. 1815లో భారతదేశానికి తొలి సర్వేయర్ జనరలుగా నియామకం పొంది, 1817లో కలకత్తా చేరాడు. 1821 మే 8వ తేదీన మరణించాడు. ఇతని సమాధి కలకత్తాలోని సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానవాటికలో ఉన్నది.

కావలి సోదరులు

మెకంజీ దేశభాషలలో వేటిలోనూ ప్రవీణుడు కాడు. ఈ విషయాన్ని ఇతడే 1817లో అలెగ్జాండర్ జాన్‌స్టన్‌కు రాసిన లేఖలో అంగీకరించాడు. కాబట్టి సంకల్పం మెకంజీదే అయినా సిద్ధి అతని సహాయకులది. వారిలో అగ్రగణ్యులు ఏలూరు వాస్తవ్యులైన కావలి సోదరులు. వెంకట బొర్రయ్య మెకంజీ హైదరాబాదు ఉద్యోగకాలంలో, ఇరవై ఏండ్ల వయస్సులో ఇతని వద్ద చేరాడు. సంస్కృతాంధ్రాలతో పాటు ఇతర భాషలలో ప్రవేశం, ఎటువంటివారితోనైనా సౌమ్యంగా మాట్లాడి సమాచారం రాబట్టే నేర్పు బొర్రయ్యకు ఉండేవి. అప్పటికి సామాన్యులకు దురవగాహమైన హళగన్నడ శాసనలిపిని చదివే మార్గాన్ని కనుగొన్న ఘనత ఇతనిదే. సేకరణకు వెళ్ళే ఇతర సహాయకులకు శిక్షణ ఇచ్చినవాడు కూడ ఇతడే. 1803లో బొర్రయ్య అకాలమరణం పొందాడు. జైనులను గూర్చి ఇతడు సమకూర్చిన వివరాలు మరణానంతరం ఏషియాటిక్ రీసర్చెస్ తొమ్మిదవ సంపుటంలో వెలువడ్డాయి.

బొర్రయ్య స్థానాన్ని తమ్ముడు లక్ష్మయ్య స్వీకరించి మెకంజీ మరణించేవరకు ఆ కార్యాన్ని నిర్వహించాడు. మరొక సోదరుడు రామస్వామి దక్షిణదేశ కవుల చరిత్రను ఇంగ్లీషులో రచించి 1829లో ప్రకటించాడు. నారాయణరావు, ఆనందరావు, నిటల నాయన, మలెయూరు జైనపండితుడు ధర్మయ్య మొదలైనవారు వేర్వేరు మండలాలలో సంచరించి ఆధారాలను పంపేవారు. 1816లో థామస్ హికీ చిత్రించిన మెకంజీ వర్ణపటంలో ఆ దొరతో పాటు ముగ్గురు భారతీయ సహాయకులు, వారి వెనుక కార్కళ గోమటేశ్వరుని విగ్రహం కనిపిస్తాయి. సహాయకులతో కలిసి చిత్రింపబడడం ఆనాటి దొరలలో అరుదైన విషయం.

కైఫీయతుల స్వరూపం

కైఫీయతు అనగా వృత్తాంతం, నివేదిక అని అర్థం. ఈ పదం అరబీ, పారశీక భాషల ద్వారా తెలుగులోనికి వచ్చింది. మెకంజీ సహాయకులు గ్రామానికి వెళ్ళి ముందుగా కరణాన్ని కలిసేవారు. గ్రామం ఎప్పుడు పుట్టింది, ఎవరు కట్టించారు, ఏ ప్రభువుల ఏలుబడిలో ఉండెను, దేవాలయాలకు, బ్రాహ్మణులకు ఇచ్చిన మాన్యాలు ఎవరివి, కరణీకపు మిరాసీ ఏ కుటుంబానికి ఎప్పుడు సంక్రమించింది అనేవి ముఖ్యమైన ప్రశ్నలు. కరణాలు తమ ఇండ్లలోని కవిలెలను, దండకవిలెలను, తాటాకు పత్రాలను, సనదులను చూసి సమాధానాలు చెప్పేవారు. వాటితో పాటు ఊరిలోని శిలాశాసనాలకు, తామ్రశాసనాలకు నకళ్ళు తీయబడేవి. పాళెగాండ్రు, జమీందార్ల వద్ద వారి వంశావళులు సేకరింపబడేవి.

కుటుంబ చరిత్ర పరిశోధకునికి కైఫీయతులు నిక్షేపాలు కావడానికి ఈ ప్రశ్నావళియే కారణం. మిరాసీ హక్కును నిరూపించుకోవాలంటే తాత ముత్తాతల పేర్లు, గోత్రం, వలస వచ్చిన ఊరు, దానమిచ్చిన ప్రభువు పేరు చెప్పవలసి ఉంటుంది. అందువల్ల రాజుల చరిత్రలకు ఎక్కని సామాన్య కుటుంబాల పేర్లు కైఫీయతులలో నిలిచాయి.

ఆ కారణమే వాటిలోని దోషానికి కూడ మూలం. 1800లో దత్తమండలం కంపెనీ వశమైంది. మాన్యాలు నిలుస్తాయా, పోతాయా అనే భయం గ్రామాలలో వ్యాపించి ఉన్న కాలమది. దొర పంపిన మనుష్యుడు చరిత్ర అడుగుతున్నాడంటే పన్ను పెంచడానికేనని కొందరు శంకించారు. కవిలెలు చూపడానికి నిరాకరించినవారు ఉన్నారు. చూపినవారికి సైతం తమ హక్కు ప్రాచీనమైనదని చెప్పుకోవలసిన అవసరం ఉండెను. కాబట్టి కైఫీయతు ఒక కుటుంబపు స్మృతి మాత్రమే కాదు, నూతన ప్రభుత్వం ఎదుట ఆ కుటుంబం దాఖలు చేసుకున్న హక్కుపత్రం కూడ. పౌరాణిక రాజులు, చోళులు, గజపతులు, రాయలు ఒకే వరుసలో దాతలుగా కనిపించే కైఫీయతులను ఈ దృష్టితో పరిశీలించాలి. ఇటీవలి మూడు నాలుగు తరాలను గూర్చి కరణం చెప్పిన మాటకు ఉన్న ప్రామాణ్యం అంతకు పూర్వపు తరాలను గూర్చి చెప్పినదానికి ఉండదు. గ్రామభూములలో హక్కు లేని కులాలవారు ఇందులో కుటుంబాలుగా కనిపించరు. స్త్రీల పేర్లు మిక్కిలి అరుదు.

సేకరణ గతి

మెకంజీ మరణించేనాటికి సేకరణ 1,568 సాహిత్య గ్రంథాలకు, 2,070 స్థానిక చరిత్రలకు, 8,076 శాసన ప్రతులకు, 6,218 నాణేలకు పెరిగింది. ఇందుకు ఇతడు తన సొంత ధనాన్ని విశేషంగా వెచ్చించాడు. కంపెనీ ప్రభుత్వం ఇతని భార్యనుండి లక్ష రూపాయలకు ఈ సేకరణను కొన్నది. హొరేస్ హేమన్ విల్సన్ తయారుచేసిన వివరణాత్మక పట్టిక 1828లో ముద్రితమైంది. కొంత భాగం లండనుకు, కొంత భాగం చెన్నపట్టణానికి తరలింపబడింది.

ఈ దశలో లక్ష్మయ్య తన అన్న ప్రారంభించిన కార్యాన్ని పూర్తిచేయడానికి అనుమతి కోరాడు. సేకరింపబడిన ప్రతి కాగితం ఎక్కడనుండి, ఎవరి ద్వారా వచ్చినదో అతనికంటె ఎక్కువగా ఎరిగినవారు అప్పటికి లేరు. చెన్నపట్టణంలో హిందూ సాహిత్య సంఘాన్ని స్థాపించి అతడు తన యోగ్యతను నిరూపించుకొని ఉన్నాడు. అయినప్పటికీ 1836లో అభిప్రాయం చెప్పవలసిందిగా ప్రభుత్వం కోరగా, కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ ఆ ప్రతిపాదనను తోసిపుచ్చింది. సేకరించడానికి తగినవాడైన దేశీయుడు విమర్శనాత్మకంగా పరిశీలించడానికి తగినవాడు కాడని ఆ సంఘపు కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్ అభిప్రాయపడ్డాడు. ఆ పని విలియం టేలర్ అనే మతబోధకునికి దక్కింది. లక్ష్మయ్య జ్ఞాపకంలో ఉన్న వివరాలు అతనితోనే అంతరించాయి. ఒక పత్రం ఏ ఇంటినుండి, ఏ సందర్భంలో వచ్చినదనే వివరం కుటుంబ చరిత్రకు ప్రాణం వంటిది. ఆ వివరం చాలా కైఫీయతుల విషయంలో నేడు లభించకపోవడానికి ఈ నిరాకరణ కూడ ఒక కారణం.

చెన్నపట్టణం చేరిన కాగితాలు శిథిలమవుతుండగా చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ వాటికి నకళ్ళు రాయించాడు. ఆ నకళ్ళే లోకల్ రికార్డ్స్ అనే పేరుతో ప్రసిద్ధమై, చెన్నపట్టణపు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారంలో నిలిచాయి. మల్లంపల్లి సోమశేఖరశర్మ, నేలటూరి వేంకటరమణయ్య వంటి చరిత్రకారులు వీటిని శాసనాలతో పోల్చి వినియోగించి, మరుగున పడిన వంశాల చరిత్రలను వెలుగులోకి తెచ్చారు. తరువాతి కాలంలో హైదరాబాదులోని రాష్ట్ర పురాభిలేఖాగారానికి నకళ్ళు చేరాయి. కడప ప్రాంతపు కైఫీయతులు పలు సంపుటాలుగా, గుంటూరు ప్రాంతపువి కొన్ని ముద్రితమైనాయి.

ఓరుగల్లు సీమ - కైఫీయతుల లోటు

మెకంజీ నిజాం రాజ్యాన్ని కొలిచాడు గాని దత్తమండలంలోను, సర్కారులలోను జరిగినట్లు గ్రామగ్రామానికి మనుష్యులను పంపి కరణాలను ప్రశ్నించే అధికారం అక్కడ కంపెనీకి లేదు. కైఫీయతులు కంపెనీ ఏలుబడిని అనుసరించి నడిచాయి. ఆ కారణంగా గుంటూరు, కడప మండలాలలో చిన్న పల్లెకు సైతం కైఫీయతు లభిస్తుండగా తెలంగాణ గ్రామాలకు అవి మిక్కిలి అరుదు. పూర్వం వరంగల్లు జిల్లాలో ఉండి, 2016 నుండి మహబూబాబాదు జిల్లాలో చేరిన మరిపెడ ఇట్టి ప్రాంతంలోనిదే. ఇక్కడి కుటుంబం చరిత్రను తెలుసుకోదలచినవారు మెకంజీ మార్గాన్ని గ్రహించి, ఆకరాలను మాత్రం వేరొకచోట వెదకవలసి ఉంటుంది.

ఆ ఆకరాలలో ముఖ్యమైనది నిజాం ప్రభుత్వపు దఫ్తరె దివానీ. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాగారంలో ఈ పత్రాలు భద్రపరచబడ్డాయి. షాజహాను, ఔరంగజేబుల కాలం నాటి పారశీక పత్రాలు కూడ వీటిలో ఉన్నాయి. అర్జ్-ఒ-చెహ్రా అనే పత్రాలలో సైనికుని పేరు, తండ్రి పేరు, ముఖలక్షణాలు నమోదైనాయి. దేశముఖులు, దేశపాండ్యాల వతనులకు, రుసుములకు, ఇనాములకు సంబంధించిన విచారణ పత్రాలలో వారసత్వ క్రమం కనిపిస్తుంది. ఇనాము విచారణ ముగిసిన తరువాత జారీ అయిన ముంతఖాబు అనే ధ్రువపత్రం ఆ ఇనాముదారు కుటుంబానికి కైఫీయతు వంటిదే. సామాన్య రైతు కుటుంబానికి సేత్వారు, 1954-55 నాటి ఖాస్రా పహాణీ ఉపకరిస్తాయి. 1984లో వంశపారంపర్య గ్రామాధికారుల వ్యవస్థ రద్దయ్యేవరకు గ్రామలెక్కలు పట్వారీల ఇండ్లలోనే ఉండేవి. కాబట్టి ఆ కుటుంబాల వద్ద మిగిలిన దస్త్రాలు కూడ పరిశీలింపదగినవి.

భూమి హక్కు లేని కుటుంబాల చరిత్ర ఈ పత్రాలలోను లభించదు. తెలంగాణలో ఆ లోటును తీర్చేవి ఆశ్రిత గాయకుల సంప్రదాయాలు. రెడ్ల గోత్రాలు చెప్పే పిచ్చకుంట్లవారు, పద్మశాలీల పుట్టుక చెప్పే కూనపులివారు, మాదిగల వంశకథను గానం చేసే డక్కలివారు ఇందుకు ఉదాహరణలు. వారి త్యాగపు హక్కులను తెలిపే తామ్రపత్రాలు, వారు ప్రదర్శించే పటాలు కూడ ఆధారాలే. మరిపెడ పరిసరాలలోని తండాలలో లంబాడీల వంశక్రమం భాటుల నోట వినబడేది.

ఏ ఆకరాన్నీ ఒంటరిగా నమ్మరాదనడానికి ఇదే ప్రాంతంలో ప్రబల నిదర్శనం ఉన్నది. నేడు మహబూబాబాదు జిల్లాలోనే ఉన్న బయ్యారంలో గణపతిదేవుని సోదరి మైలమ ధర్మకీర్తి సముద్రమనే చెరువును తవ్వించి శాసనం వేయించింది. అందులో ఆమె తన పుట్టినింటి వంశాన్ని వెన్న నృపతినుండి వరుసగా చెప్పించింది. ఆ వరుసలోని గుండ, ఎఱ్ఱ మొదలైన పేర్లు దానార్ణవుని మాగల్లు శాసనం చెప్పిన కాకర్త్య గుండ్యన వంశంతో కొద్ది భేదంతో సరిపోలుతున్నాయి. ప్రతాపచరిత్ర, సిద్ధేశ్వరచరిత్రలు పౌరాణిక పురుషులతో ముడిపెట్టి చెప్పిన కాకతీయ వంశకథను పరిశోధకులు ఈ రెండు స్వతంత్ర శాసనాల సహాయంతోనే సరిదిద్దుకోగలిగారు. రాజకుటుంబానికి వర్తించిన ఈ న్యాయం కరణం కుటుంబానికి, రైతు కుటుంబానికి కూడ వర్తిస్తుంది. కైఫీయతు గాని, ముంతఖాబు గాని, గాయకుని గోత్రకథ గాని మరొక స్వతంత్రమైన ఆధారంతో సరిపోలినంతవరకే ప్రమాణం.

ముగింపు

మెకంజీ పండితుడు కాడు, భాషావేత్త కాడు. అతడు చేసిన మహోపకారం రెండు విధాలైనది. గ్రామంలోని కరణం ఇంటి అటకమీది కవిలెకు చారిత్రక విలువ ఉన్నదని గుర్తించడం మొదటిది. తనకు రాని భాషలను ఎరిగిన బొర్రయ్య, లక్ష్మయ్య, ధర్మయ్య వంటివారిని సమకూర్చుకొని వారి మాటకు విలువ ఇవ్వడం రెండవది.

నేటి పరిశోధకుని పరిస్థితి కొంతవరకు ఇట్టిదే. ప్రాచ్య కళాశాలలలో సంస్కృతాంధ్రాలు అభ్యసించినవారు బయ్యారం శాసనాన్ని చదవగలరు, తాటాకు కవిలెను పరిష్కరించగలరు. కాని ఓరుగల్లు సీమ కుటుంబాల ఇనాము పత్రాలు 1884 వరకు పారశీకంలోను, తరువాత ఉర్దూలోను నడిచాయి. ఆ భాషలు ఎరిగిన పండితులతో చేయి కలపకుండ మరిపెడ వంటి ఊరి కుటుంబాల చరిత్ర పూర్తి కాదు. అట్టి సహకారంతో ఒక్కొక్క గ్రామానికి పత్రాలను, శాసనాలను, గాయకుల కథలను ఒకచోట చేర్చి, ప్రతి పత్రం ఏ ఇంటినుండి, ఎవరి ద్వారా లభించినదో తప్పక నమోదు చేసినట్లయితే, లక్ష్మయ్యకు నిరాకరింపబడిన కార్యం ఈ సీమలోనైనా నెరవేరుతుంది.